పరాయి దేశంలో బట్టలుతకడం, డబ్బు తీయడం, మందులు కొనడం, పార్సిల్ పంపడం ఎలా?

కిటికీసీటు:

నమస్కారం అండి. మా అమ్మతో కలిసి వరసగా కొన్ని దేశాలు తిరిగి రావాలని ప్లాను. హోటళ్ళు కాదు, అద్దె గదులు. చూడాల్సిన చోట్ల గురించి ఎక్కడ వెతికినా బోలెడు దొరుకుతోంది గానీ, మామూలు పనుల గురించి రాసేవాళ్ళు లేరు. నాణేలు వేసే లాండ్రీలో ఏది ముందు, ఏది తర్వాత? ఏటీఎంలో ఎక్కడ నష్టపోతాం? అమ్మకి బీపీ, షుగరు ఉన్నాయి, ఇన్సులిన్ కూడా వాడుతుంది. మందులు తగ్గిపోయి అక్కడ అదే బ్రాండు దొరక్కపోతే ఏమని అడగాలి? బరువెక్కిన సామాను పోస్టులో ఇంటికి పంపెయ్యొచ్చా? భాష రాదు, ఫోన్లో అనువాదం యాప్ ఒకటే దిక్కు. క్రమం, కొలతలు, ఎక్కడ తేడా కొడుతుందో చెబితే చాలా మేలు.

రాత్రిరైలు:

డబ్బు సంగతి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్ళు అందుకుంటారు.

ఏటీఎంలో పిన్ కొట్టి, ఎంత కావాలో నొక్కాక ఒక తెర వస్తుంది. ఈ మొత్తాన్ని ఫలానా రేటుకి మీ దేశపు కరెన్సీలోకి మార్చి తీసుకుంటాం, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకోకండి. ఆ రేటు మెషీను నడిపేవాళ్ళు కట్టింది, వాళ్ళ లాభం అందులోనే కలిసి ఉంటుంది. వద్దు అని నొక్కితే డబ్బే రాదేమో అని చాలామందికి భయం. వస్తుంది. అక్కడి కరెన్సీలోనే మీ ఖాతాకి లెక్క వెళ్ళి, మార్పిడి మీ కార్డు నెట్‌వర్కు (వీసా, మాస్టర్‌కార్డు లాంటివి) రేటుకి జరుగుతుంది. ఒప్పుకునే బటను పచ్చగా పెద్దగా పెట్టి, వద్దనేది మూలన చిన్న అక్షరాల్లో పెడతారు, తొందరలో వేలు ఆ పచ్చ బటను మీదకే పోతుంది.

కొట్లో కార్డు మెషీను కూడా ఇదే అడుగుతుంది. అక్కడ కౌంటర్లో వాళ్ళే మిమ్మల్ని అడక్కుండా నొక్కేస్తుంటారు. రసీదు మీద రెండు కరెన్సీలూ, మధ్యలో ఒక రేటూ కనబడితే అదే జరిగిందన్నమాట. కౌంటరు దగ్గర్నుంచి కదలకముందే ఆ లావాదేవీ రద్దు చేయించి, అక్కడి కరెన్సీలో మళ్ళీ చేయమనండి. బయటికొచ్చేశాక సరిచేయించుకోవడం కష్టం.

ఫీజు రెండు వైపులా పడొచ్చు: మెషీను వాళ్ళది, మీ బ్యాంకుది. చాలావరకు తీసిన ప్రతిసారీ పడే స్థిరమైన ఫీజు ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెం పదిసార్లు తీసేకంటే ఒకేసారి తీయడం లాభం. బ్యాంకు భవనానికి ఆనుకుని ఉన్న మెషీనునే వాడండి, అదీ బ్యాంకు తెరిచి ఉన్న వేళ. కార్డు మింగేస్తే లోపలికెళ్ళి అడగొచ్చు. దుకాణం మూల ఒంటరిగా నిలబెట్టిన మెషీను మింగితే అడగడానికి మనిషే ఉండడు.

పిన్ నాలుగు అంకెలదైతే ఎక్కడా పేచీ రాదు, ఆరంకెల పిన్ను కొన్ని మెషీన్లు తీసుకోవు. అక్షరాలతో పిన్ గుర్తుపెట్టుకునే అలవాటుంటే అంకెలుగా మార్చుకోండి, కొన్నిచోట్ల బటన్ల మీద అక్షరాలుండవు. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం తెరవండి. ఏటీఎం, కొట్లో చెల్లింపు, తాకించి చెల్లించడం, ఆన్‌లైన్, వీటికి చాలా బ్యాంకుల్లో విడివిడి స్విచ్చులుంటాయి. ఒకటి ఆన్ చేసి మూడు మర్చిపోవడం మామూలే.

ధరలు చదవడంలో ఒక మెలిక ఉంది. యూరప్‌లో చాలాచోట్ల 1.250,00 అంటే ఒకటింపావు కాదు, వెయ్యిన్ని రెండువందల యాభై. చుక్క వేలకి, కామా దశాంశానికి. జపాన్ యెన్‌కి చలామణిలో చిల్లర భాగమే లేదు. కువైట్ దినారుకి వెయ్యి ఫిల్స్, దశాంశం తర్వాత మూడంకెలు రాస్తారు.

మూడోఅంతస్తు:

లాండ్రీ నాకు వదిలేయండి.

లోపలికెళ్ళగానే బట్టలు వేసెయ్యకుండా ముందు గోడ మీద చూడండి. మూడు విషయాలు తెలియాలి. ఆఖరి వాష్ ఎన్నింటిలోపు మొదలెట్టాలి (మూసే వేళ కాదు, దానికి గంటా గంటన్నర ముందే ఉంటుంది). డబ్బు మెషీనుకే వేయాలా, గోడకున్న పెట్టెకి వేయాలా. సబ్బు మనం వేయాలా, మెషీనే పోసుకుంటుందా. ఈ మూడోదాన్ని ఎవరూ చూడరు. సబ్బు తనే పోసుకునే మెషీన్లో మనం ఇంకో కప్పు పోస్తే నురుగు పొంగి, జాడింపు సరిగా కాక, బట్టలు ఆరాక బిరుసెక్కి ఒంటికి దురద పుడుతుంది. ఫోన్ కెమెరా అనువాదంతో ఆ గోడ కాగితాన్ని చదవండి, రెండు నిమిషాల పని.

ముందు తలుపున్న మెషీన్లు చాలావరకు 7, 8 కిలోలవి. డ్రమ్ము నింపాక బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. కుక్కి నింపితే నీళ్ళు లోపలిదాకా పోవు. సబ్బు సొరుగులో II అని రాసిన అర ప్రధాన ఉతుకుది, I ముందు నానబెట్టడానికి, పువ్వు బొమ్మ మెత్తదనం ద్రవానికి. I లో పోస్తే మామూలు ప్రోగ్రాంలో ఆ సబ్బు అక్కడే ఉండిపోతుంది, బట్టలు ఉత్త నీళ్ళలో తిరుగుతాయి.

గోడ పెట్టె ఉన్నచోట క్రమం ఇది: బట్టలు వేసి తలుపు గట్టిగా మూయాలి, ప్రోగ్రాం ఎంచాలి, మీ మెషీను నంబరు చూసుకోవాలి, అప్పుడు పెట్టె దగ్గర ఆ నంబరు నొక్కి డబ్బు వేయాలి. పక్క మెషీను నంబరు నొక్కితే అది తిరుగుతుంది, డబ్బు వెనక్కి రాదు. ప్రోగ్రాం ఎంచేది డబ్బు ముందా తర్వాతా అన్నది మెషీన్ని బట్టి మారొచ్చు, తలుపు మూయడం మాత్రం అన్నిచోట్లా మొదటిదే. చాలా పెట్టెలు చిల్లర తిరిగివ్వవు. నోటు మార్చే మెషీను ఉన్నా చిన్న నోట్లే తీసుకుంటుంది కాబట్టి నాణేలు ముందురోజే కూడబెట్టుకోండి.

రంగు బట్టలకి 30 లేదా 40 డిగ్రీలు, తువ్వాళ్ళకి దుప్పట్లకి 60. అమెరికాలో అంకెలకి బదులు చల్లని, గోరువెచ్చని, వేడి అని మాత్రమే ఉంటుంది. బట్టల చీటీ మీది బొమ్మలు ఐఎస్ఓ 3758 ప్రమాణం ప్రకారం చాలా దేశాల్లో ఒకటే. జపాన్ కూడా 2016 డిసెంబరు నుంచి ఆ దారికే వచ్చింది. నీళ్ళ తొట్టి అంటే ఉతుకు, త్రికోణం అంటే బ్లీచు, చతురస్రం అంటే ఆరబెట్టడం. చతురస్రంలో గుండ్రం ఉంటే డ్రయ్యరు, అందులో చుక్క ఒకటైతే తక్కువ వేడి, రెండైతే మామూలు వేడి. అడ్డంగా ఇంటూ గుర్తుంటే ఆ పని చెయ్యకూడదు.

డ్రయ్యర్లో డబ్బంతా నిమిషాలకి పోస్తాం. జీన్సునీ పల్చటి చొక్కాల్నీ కలిపి వేస్తే చొక్కాలు ముందే ఆరి ముడుచుకుపోతాయి, జీన్సు నడుం పట్టీ తడిగానే ఉంటుంది. అందుకే రెండుగా విడదీయండి. విడిగా నీళ్ళు పిండే మెషీను ఉంటే బరువు బట్టల్ని ముందు అందులో తిప్పండి, డ్రయ్యరు సమయం బాగా కలిసొస్తుంది.

అద్దె గదిలో ఉతికి ఆరబెట్టే జంట మెషీను ఉంటే దాని తలుపు మీద రెండంకెలుంటాయి, 8/5 లాగా. 8 కిలోలు ఉతుకుతుంది, 5 కిలోలే ఆరబెడుతుంది. ఉతికిందంతా అలాగే ఆరబెట్టమంటే గంటలు గంటలు తిప్పి ముద్ద ముద్దగా తడిబట్టలు ఇస్తుంది. సగం తీసి తాడు మీద వేయండి.

కిటికీసీటు:

రాత్రిరైలు గారూ, మూడోఅంతస్తు గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్. ఒకటి రెండు జతలే ఉంటే గదిలో ఉతుక్కుంటే తెల్లారేసరికి ఆరుతాయా? ఆ గదుల్లో బాల్కనీ ఉండకపోవచ్చు.

మూడోఅంతస్తు:

సింథటిక్, పల్చటి ఉన్ని అయితే ఆరతాయి. మందపాటి నూలు, జీన్సు ఆరవు, వాటి జోలికి పోకండి. చేత్తో పిండడంతో ఆపకండి. పొడి తువ్వాలు పరిచి, దానిమీద చొక్కా పరిచి, రెంటినీ చాపలా చుట్టి, మోకాలితో ఆ చివర్నించి ఈ చివరదాకా తొక్కండి. తువ్వాలు తడిసి బరువెక్కుతుంది, చొక్కా చెమ్మగా మాత్రమే మిగులుతుంది. తర్వాత స్నానాలగదిలో ఫ్యాను తిరుగుతుండగా హ్యాంగరుకి వేయండి, గోడకి ఆనకూడదు. గది హీటరు మీద పరిచే పని మాత్రం వద్దు. గాలి పోవడానికి వీల్లేక అది వేడెక్కుతుంది, అంటుకునే ప్రమాదముంది.

తెల్లకాగితం:

మందుల దుకాణం కౌంటరు వెనక పనిచేసే వాళ్ళకి ఏం కావాలో చెప్తాను. బ్రాండు పేరు పనికిరాదు. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రూపం (మాత్ర, క్యాప్సూల్, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర), రోజుకి ఎన్నిసార్లు, ఈ నాలుగూ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందులకి అంతర్జాతీయ పేర్లు ప్రకటిస్తోంది, ఆ పేరు చూపిస్తే ఏ భాషవాళ్ళైనా గుర్తుపడతారు. కొన్నింటికి మాత్రం రెండో పేరు ఉంది. పారాసెటమాల్‌ని అమెరికాలో, జపాన్‌లో అసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ అమెరికాలో ఆల్బ్యుటెరాల్.

ఒకే బ్రాండు పేరుతో వేరే దేశంలో వేరే మందు అమ్మడం కూడా ఉంది, కాబట్టి అట్ట పెట్టె మీది పేరు ఒకటే కదా అని కొనెయ్యకండి. మాత్రల పట్టీని వాడేటప్పుడు అసలు పేరు, మోతాదు రాసి ఉన్న చివర కత్తిరించకుండా ఆఖరిదాకా ఉంచండి. కొత్త పట్టీలకి ఫొటో తీసి పెట్టుకోండి.

బీపీ మందుల్లో రెండు చోట్ల తేడా వస్తుంది. రెండు మందులు కలిపిన మాత్ర అదే పాళ్ళలో అక్కడ ఉండకపోవచ్చు, అప్పుడు రెండు విడి మాత్రలు రాయించుకోవాలి. రెండోది, పేరు చివర ఉండే మాట. మెటోప్రొలాల్ సక్సినేట్ నెమ్మదిగా విడుదలయ్యేది, సాధారణంగా రోజుకొకటి. మెటోప్రొలాల్ టార్ట్రేట్ వెంటనే విడుదలయ్యేది, రోజుకి రెండుసార్లు వేస్తారు. మిల్లీగ్రాములు ఒకటే కదా అని ఒకదాని బదులు ఒకటి వేయకూడదు.

ఇన్సులిన్ దగ్గర ఇంకా జాగ్రత్త. సీసా మీద యూ-40 అనో యూ-100 అనో ఉంటుంది (మిల్లీలీటరుకి ఎన్ని యూనిట్లో ఆ అంకె), సిరంజి మీద కూడా అదే ఉండాలి. యూ-40 సిరంజితో యూ-100 ఇన్సులిన్‌ని అదే గీత దాకా తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ వెళ్తుంది, అది ప్రాణాంతకం. అమ్మగారు సీసా వాడుతుంటే ఇక్కణ్ణుంచే సరిపడా సిరంజిలు తీసుకెళ్ళండి, లేదా సీసా సిరంజి రెండూ ఒకే చోట కొనండి. పెన్ అయితే సూదులు మాత్రం చూసుకుంటే చాలు. విమానంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, కింద సామాన్లలో గడ్డకట్టే ప్రమాదముంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా వాడకూడదు.

అక్కడి ల్యాబులో షుగరు చూపిస్తే 7 అనో 9 అనో అంకె వచ్చిందని కంగారు పడకండి. చాలా దేశాల్లో మిల్లీమోల్ లెక్క, దాన్ని 18తో గుణిస్తే మనకి అలవాటైన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 7 అంటే 126.

వెళ్ళేముందు డాక్టరు దగ్గర అసలు పేర్లతో, ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయించి చీటీ తీసుకోండి. పరాయి దేశపు చీటీకి మందు ఇస్తారా లేదా అన్నది ఆ దేశపు చట్టం. ఇవ్వకపోయినా అక్కడి డాక్టరు దాన్ని చూసి కొత్తది రాయడం తేలిక. జలుబు, దగ్గు, నొప్పి మందుల విషయంలో మాత్రం సరిహద్దు నిబంధనలు ముందే చూడండి. సూడోఎఫిడ్రిన్ 10 శాతం దాటిన మందు ముందస్తు అనుమతి లేకుండా జపాన్‌లోకి తీసుకెళ్ళకూడదు. కోడీన్, ట్రమడాల్ లాంటివాటికి యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలి తన సైటులో దేశాలవారీగా ఈ నిబంధనలు పెడుతుంది.

రాత్రి పూట మందు కావలసొస్తే, యూరప్‌లో చాలా దేశాల్లో మూసి ఉన్న మందుల దుకాణం తలుపు మీదే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న దుకాణం చిరునామా అంటించి ఉంటుంది.

ఉడుతభక్తి:

రాత్రిరైలు గారి మాటకి చిన్న సవరణ. ఒకేసారి ఎక్కువ తీయడం లాభమే గానీ, ఆ దేశం వదిలే ముందు వారంలో అలా చెయ్యకండి. మిగిలిన నోట్లు మార్చుకోవచ్చు, నాణేల్ని మాత్రం పరాయి దేశంలో డబ్బు మార్చేవాళ్ళు ముట్టుకోరు. చివరి రెండు మూడు రోజుల ఖర్చు నాణేలతో మొదలెట్టి, మిగతాది కార్డుతో కట్టండి.

ఫోను: బ్యాంకు ఓటీపీ పాత నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ తీసెయ్యకండి. రోమింగ్ ఆన్‌లో, ఆ సిమ్ డేటా ఆఫ్‌లో పెట్టండి. వచ్చే మెసేజీకి ఛార్జీ ఉందో లేదో ముందే కనుక్కోండి. డేటాకి ఈ-సిమ్ తీసుకుంటే బయల్దేరేముందే ఇంటి వైఫై మీద ఎక్కించుకోండి, దిగాక ఎక్కించాలంటే మళ్ళీ ఇంటర్నెట్టే కావాలి. డేటా మాత్రమే ఇచ్చే ఈ-సిమ్‌కి ఫోన్ నంబరుండదు. నంబరుకి కోడు పంపే స్థానిక యాప్‌లు దానితో తెరుచుకోవు. ఫోన్లో నంబర్లన్నీ ప్లస్ గుర్తు, దేశం కోడుతో సేవ్ చేసుకోండి. కోడు తర్వాత వచ్చే మొదటి సున్నా తీసెయ్యాలి, ఇటలీ ల్యాండ్‌లైన్లకి మాత్రం ఆ సున్నా ఉంచాలి.

ఛార్జరు మీద 100-240 అని ఉంటే ప్లగ్ ఆకారం మార్చే అడాప్టరు చాలు. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె చాలావరకు అలా ఉండవు. 120 వోల్టులది 230లో పెడితే దాదాపు మూడున్నర రెట్ల పైన కరెంటు శక్తి లాగి కాలిపోతుంది. అడాప్టరు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని కాదు.

ఇతర చిల్లర పనులు: బ్యాటరీ కొనాలంటే పాతది చేత్తో పట్టుకెళ్ళండి, పెన్సిల్ సెల్ మీద ఎల్‌ఆర్6 అని, సన్నదాని మీద ఎల్‌ఆర్03 అని ఉంటుంది. జుట్టు కత్తిరింపుకి మిల్లీమీటర్లు రాసి చూపించండి, క్లిప్పరు 1 నంబరు సుమారు 3, 2 నంబరు 6, 4 నంబరు 13. వీసా ఫొటోకి 35×45 మిల్లీమీటర్లు చాలా దేశాలది, అమెరికాది 51×51. జర్మన్ కీబోర్డు మీద జెడ్, వై తారుమారు, ఫ్రెంచి దాని మీద ఏ, క్యూ తారుమారు. పాస్‌వర్డు తప్పంటోంది అని మూడోసారి కొట్టి ఖాతా లాక్ చేసుకునే ముందు, యూజర్‌నేమ్ గడిలో అదే పాస్‌వర్డు టైపు చేసి ఏం పడుతోందో చూసి తుడిచెయ్యండి.

జర్మనీలో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. ఈజిప్టు, సౌదీల్లో వారాంతం శుక్ర, శనివారాలు. బ్యాంకు, పోస్టాఫీసు పనులు వారం మధ్యలో ఉదయం పెట్టుకోండి.

కిటికీసీటు:

తెల్లకాగితం గారూ, ఇన్సులిన్ సంగతి అసలు తట్టలేదు, సిరంజిలు లిస్టులో రాసేశాను. ఇంక పార్సిల్ ఒకటే మిగిలింది.

రాత్రిరైలు:

పార్సిల్‌ని గదిలో అంటించేసి తీసుకెళ్ళకండి. కౌంటర్లో తెరిచి చూపమంటే టేపంతా చింపాలి. పెట్టె, లోపల కాగితం నింపి, టేపు వేరుగా పట్టుకెళ్ళండి. కాగితాల పద్ధతి దేశం మారినా దాదాపు ఒకటే, ఎందుకంటే 1874లో బెర్న్‌లో మొదలైన ప్రపంచ తపాలా సంఘం అందరికీ ఒకే ఫారాలు పెట్టింది. 2 కిలోల లోపు చిన్న పొట్లానికి, విలువ కూడా తక్కువైతే సీఎన్ 22 అనే కస్టమ్స్ ఫారం, అదో చిన్న చీటీ. విలువ ఎక్కువైనా, పెద్ద పార్సిల్ అయినా సీఎన్ 23. ఇప్పుడు కస్టమ్స్ వివరాలు ముందే కంప్యూటర్లో వెళ్ళాలి కాబట్టి చాలా దేశాల్లో ఆ ఫారం ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో నింపి, కోడు పట్టుకు రమ్మంటారు.

వస్తువుల వివరం దగ్గర 'బహుమతి' అని రాస్తే చాలదు. 'నూలు చొక్కా, 2, 400 గ్రాములు, ఇంత విలువ' అని ఒక్కో వస్తువుకి ఒక్కో వరస రాయాలి. విడి లిథియం బ్యాటరీ, పవర్ బ్యాంకు, సెంటు సీసా పెట్టకండి, విమానంలో వెళ్ళే టపాకి అవి ప్రమాదకర సామాను కింద ఆగిపోతాయి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే తెచ్చుకోండి, 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74, పర్వాలేదు.

పార్సిల్ ఫారాల్లో ఒక గడి ఉంటుంది, అందకపోతే ఏం చెయ్యాలి అని. దాన్ని ఖాళీగా వదలకండి. వెనక్కి పంపమని టిక్కు పెట్టి, పంపినవారి చిరునామాలో ఆ అద్దె గది రాస్తే, మీరు వెళ్ళిపోయిన గదికి పార్సిల్ చేరుతుంది, తిరుగు టపా ఖర్చు కూడా మీ మీద పడొచ్చు. సామాను అంత విలువైంది కాకపోతే వదిలేశానని టిక్కు పెట్టండి. రసీదు మీద రెండక్షరాలు, తొమ్మిదంకెలు, మళ్ళీ దేశం కోడు రెండక్షరాలు, మొత్తం పదమూడు ఉంటాయి. ఆ నంబరుకి ఫొటో తీసుకోండి, సామాను మీ దేశంలోకి వచ్చాక మీ దేశపు పోస్టు సైటులో కూడా అదే నంబరుతో చూసుకోవచ్చు.